అబ్బే అనకండి... రీడింగ్ అబ్బీ చూసి రండి!

రీడింగ్ అనగానే మనవాళ్ళకి ముందుగా గుర్తొచ్చేవి ఎం4 మోటార్‌వే, ఐటీ ఆఫీసులు, ప్యాడింగ్టన్ రైలు, శనివారం షాపింగుకి ఒరాకిల్ సెంటరు. ఊరి పేరు రాసేది రీడింగ్ అయినా పలకాల్సింది ‘రెడింగ్’ అని మన పిల్లలు మనల్ని దిద్దుతూనే ఉంటారు. అదే ఒరాకిల్ సెంటరు నుంచి ఓ పది నిమిషాలు నడిస్తే, ఇంగ్లండుని ముప్పయ్యైదేళ్ళు ఏలిన ఒక రాజుని పాతిపెట్టిన చోటికి చేరతాం. అదే రీడింగ్ అబ్బీ. అబ్బీ అంటే క్రైస్తవ సన్యాసుల మఠం. ఇప్పుడు మిగిలినవి మొండిగోడలే. అయినా పిల్లాపాపలతో ఒక పూట గడిపి రావలసిన చోటు.

మేము కిందటి వేసవిలో వెళ్ళాం. మేమంటే నేను, మావారు, పదేళ్ళ మా అమ్మాయి, ఆరేళ్ళ మా బాబు, చీరాల దగ్గర మా ఊరి నుంచి వచ్చిన మా అమ్మ. “అబ్బీకి వెళ్దామమ్మా” అంటే, “అబ్బే, మొండిగోడలు చూడ్డానికి ఇంత దూరం రావాలా? మన మోటుపల్లిలో లేవూ!” అంది అమ్మ. అబ్బీకి అబ్బే ప్రాస కుదిరిందని మావాడు దారి పొడుగునా అదే పాట!

స్టేషన్ నుంచి నడిచి వెళ్తే ముందు ఫోర్బరీ గార్డెన్స్ అనే పార్కు వస్తుంది. ఒకప్పుడు ఇదీ మఠం ఆవరణే. పచ్చిక, పూలమొక్కలు, మధ్యలో ఓ పెద్ద ఇనప సింహం. 1880లో అఫ్గానిస్తాన్‌లో మైవాండ్ అనే చోట జరిగిన యుద్ధంలో చనిపోయిన బెర్క్‌షైర్ సైనికుల జ్ఞాపకార్థం 1886లో దాన్ని ఆవిష్కరించారు. దిమ్మె మీద 329 మంది పేర్లున్నాయి. ఆ పార్కు దాటితే అబ్బీ శిథిలాలు.

మునిగిపోయిన ఓడ

ఈ మఠం కట్టించిన రాజు మొదటి హెన్రీ. 1066లో ఇంగ్లండుని జయించిన విలియం చిన్నకొడుకు. హెన్రీకి రాణి కన్న కొడుకు ఒక్కడే. అతని పేరూ విలియమే. పదిహేడేళ్ళవాడు. 1120 నవంబరు 25 రాత్రి ఫ్రాన్సు తీరంలోని బార్‌ఫ్లూర్ రేవు నుంచి స్నేహితులతో కలిసి ‘వైట్ షిప్’ అనే కొత్త ఓడలో ఇంగ్లండుకి బయల్దేరాడు. రేవు దాటగానే ఓడ బండకి కొట్టుకుని మునిగిపోయింది. దాదాపు మూడు వందల మంది పోయారు. బతికి బయటపడింది రూఆన్ పట్టణానికి చెందిన ఒక మాంసం కొట్టువాడు మాత్రమేనని ఆనాటి చరిత్రకారులు రాశారు.

ఆ మరుసటి ఏడాదే, 1121లో, థేమ్స్ నదిలో కెనెట్ నది కలిసే చోట హెన్రీ ఈ మఠాన్ని స్థాపించాడు. తన ఆత్మకీ, తనవాళ్ళ ఆత్మలకీ శాంతి కలగాలని ఫ్రాన్సులోని క్లూనీ మఠం నుంచి సన్యాసుల్ని రప్పించాడు. ప్రధాన చర్చి ఒక్కటే నాలుగు వందల యాభై అడుగుల పొడవట! పని పూర్తయి 1164లో పవిత్రీకరణ జరిగినప్పుడు, కేంటర్‌బరీ ఆర్చిబిషప్పు థామస్ బెకెట్ స్వయంగా వచ్చి జరిపించాడు. మనవాళ్ళకి గుర్తుండేలా చెప్పాలంటే, హనుమకొండలో కాకతి రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి కట్టించింది 1163లో. అక్కడా ఇక్కడా ఒకే కాలంలో రాళ్ళు చెక్కుతున్నారన్నమాట.

ఓడ కథ విని అమ్మ, “మోటుపల్లి శాసనంలో ఉన్నదీ ఓడల సంగతేగా” అంది. నిజమే. తుఫానుకి కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల్లోని సరుకంతా అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకునేవారట. గణపతిదేవుడు 1244 ప్రాంతంలో ఆ పద్ధతి మాన్పించి, మామూలు సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని వర్తకులకి అభయమిస్తూ శాసనం వేయించాడు. “ఓడ పోయినవాడికి ప్రాణమైనా మిగలాలి కదా అని ఆలోచించాడు మహానుభావుడు” అంది అమ్మ. గణపతిదేవుడు మా కబుర్లలోకి అలా వచ్చాడు. తర్వాత ఆయన కూతురూ వచ్చింది.

ఒట్టు పెట్టారు, తప్పారు

కొడుకు పోయాక హెన్రీకి మిగిలిన వారసురాలు కూతురు మటిల్డా. జర్మనీ చక్రవర్తిని పెళ్ళాడి చిన్నతనంలోనే వితంతువైంది కాబట్టి ఆమెని ఎంప్రెస్ మటిల్డా అంటారు. తన తర్వాత ఆమే రాజ్యమేలాలని నిర్ణయించిన హెన్రీ, 1127 జనవరిలో పెద్ద పెద్ద ప్రభువులందర్నీ పిలిపించి వాళ్ళ చేత ఒట్టు పెట్టించాడు. 1131లో మళ్ళీ పెట్టించాడు. అలా ఒట్టు పెట్టినవాళ్ళలో హెన్రీ సొంత మేనల్లుడు స్టీఫెన్ కూడా ఉన్నాడు. మన వరసల్లో చూస్తే మటిల్డాకి మేనత్త కొడుకు, అంటే బావ!

1135 డిసెంబరు 1న హెన్రీ నార్మండీలో చనిపోయాడు. వైద్యుడు వద్దన్నా వినకుండా లాంప్రే అనే పాములాంటి చేపల కూర తిన్నాడని ఓ కథ ఉంది. మా పిల్లలు ఆ రోజు మొత్తం మీద ఎక్కువగా నవ్వుకున్నది ఈ సంగతికే. రాజు శవానికి ఉప్పు పట్టించి, ఎద్దు తోళ్ళలో చుట్టి ఇంగ్లండుకి తేవాలనుకున్నారు. కానీ గాలి అనుకూలించక వారాల తరబడి కాన్ పట్టణంలోనే ఉంచాల్సొచ్చింది. ఈలోగా స్టీఫెన్ గబగబా సముద్రం దాటి లండన్ చేరి, డిసెంబరు 22న కిరీటం పెట్టేసుకున్నాడు. హెన్రీని ఈ మఠంలో పాతిపెట్టింది 1136 జనవరిలో. మేనమామ అంత్యక్రియలకి స్టీఫెన్ కూడా వచ్చాడు, రాజు హోదాలో! శవం లేవకముందే ఆస్తి పంపకాలంటారే, అచ్చంగా అదే.

మటిల్డా ఊరుకోలేదు. 1139లో సైన్యంతో ఇంగ్లండులో దిగింది. 1141లో స్టీఫెన్‌ని బందీగా పట్టుకుంది. కిరీటధారణకి లండన్ దాకా వెళ్ళింది కూడా. అయితే లండన్ జనం తిరగబడి తరిమేశారు. ఆమెకి గర్వం ఎక్కువని ఆనాటి చరిత్రకారులు తిట్టిపోశారు. అదే మాట, అదే నడక మగరాజుకుంటే ఠీవి అనేవారేమో! ఆ మరుసటి ఏడాది చలికాలంలో స్టీఫెన్ సైన్యం ఆక్స్‌ఫర్డ్ కోటలో ఆమెని చుట్టుముట్టింది. అప్పుడు తెల్లబట్టలు కట్టుకుని, మంచులో మంచులా కలిసిపోయి, గడ్డకట్టిన నది మీద నడిచి తప్పించుకుంది. మావాడు వెంటనే తన తెల్ల జాకెట్టు నెత్తిమీద కప్పుకుని గోడల వెంట పరుగో పరుగు.

పందొమ్మిదేళ్ళు దేశం అల్లకల్లోలమైంది. చివరికి కుదిరిన రాజీ ఏమిటంటే, స్టీఫెన్ బతికున్నన్నాళ్ళు అతనే రాజు, తర్వాత మటిల్డా కొడుకు రాజు. ఆ కొడుకే 1154లో సింహాసనమెక్కిన రెండో హెన్రీ. 1156లో అతని పెద్దకొడుకు మూడేళ్ళ వయసులో చనిపోతే, ఆ పసివాణ్ణి ఇక్కడే, ముత్తాత హెన్రీ పాదాల దగ్గర పాతిపెట్టారు.

“మరి రుద్రమదేవిని ఒప్పుకున్నారా?”

ఛాప్టర్ హౌస్ అనే పెద్ద గదిలో కూర్చున్నాం. సన్యాసులు రోజూ సమావేశమయ్యే చోటట అది. పైకప్పు ఎప్పుడో పోయింది. నాలుగు వైపులా మూడంతస్తుల ఎత్తున గరుకు గోడలు, పైన ఆకాశం. అమ్మాయి అంది, “రాజు చెప్పాడు కదా, అందరూ ప్రామిస్ చేశారు కదా, మరి అమ్మాయి అని ఎందుకు ఒప్పుకోలేదు?”

అమ్మ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని రుద్రమదేవి కథ చెప్పింది. గణపతిదేవుడికి కొడుకుల్లేరు. కూతురు రుద్రమని కొడుకులా పెంచి, రుద్రదేవుడని మగపేరు పెట్టి, రాజ్యం అప్పగించాడు. ఆడది ఏలడమేమిటని సామంతులు ఎదురుతిరిగితే ఆమె వాళ్ళనణిచి పాతికేళ్ళకి పైగా ఏలింది. 1289లో ఆమె మరణించిన సంగతి నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం వల్ల తెలిసింది.

“అంటే ఆవిడ బాయ్ పేరు పెట్టుకోవాల్సొచ్చిందా?” అని మా అమ్మాయి మళ్ళీ అడిగింది. దానికి అమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపాగి, “మా నాన్న కూడా ఊరి పెద్దల్ని నలుగుర్ని కూర్చోబెట్టి, చెరువు కింద అరెకరం నాదని చెప్పాడే. ఆయన పోయాక, విన్న నలుగురికీ మరుపొచ్చింది” అంది.

ఈ సంగతి నేనెప్పుడూ వినలేదు. “ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా?” అన్నాను. “పొలానికేముందే, నాకు తిండికి లోటొచ్చిందా? నాన్న మాట నిలబడలేదే అనే బాధ” అంది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లో చట్టం తెచ్చింది. అయితే అప్పటికే పెళ్ళయిపోయిన ఆడపిల్లలకి అది వర్తించలేదు. అమ్మ పెళ్ళి 1979లో అయింది. కేంద్రం దేశమంతటికీ అలాంటి చట్టం తెచ్చేసరికి 2005 వచ్చింది, తాతయ్య అప్పటికి లేడు.

ఇక్కడివాళ్ళ సంగతీ అంతే. మటిల్డా తర్వాత ఇంగ్లండులో ఒక స్త్రీ కిరీటం ధరించి సొంతంగా ఏలడానికి, అంటే మేరీ రాణికి, 1553 దాకా ఆగాల్సొచ్చింది. అప్పుడైనా తమ్ముడుంటే అక్క వెనక్కి తగ్గాల్సిందే. ఆ పద్ధతి మార్చే చట్టం 2013లో చేసి, 2015 మార్చిలో అమలుకి తెచ్చారు. ఆ మేలో పుట్టిన యువరాణి షార్లెట్, 2018లో తమ్ముడు లూయీ పుట్టినా వరుసలో వెనక్కి జరగలేదు. ఇది చెప్పగానే మా అమ్మాయి తమ్ముడి వైపు ఓ చూపు చూసింది. అక్కలున్న తమ్ముళ్ళకి ఆ చూపు తెలుసు!

అతిథులు, కోకిల పాట, ఎండిపోయిన చెయ్యి

రాజుల గొడవలు పక్కన పెడితే, ఈ మఠానికి అతిథి మర్యాదలో గొప్ప పేరుండేది. బీదలకీ, యాత్రికులకీ, దారినపోయేవాళ్ళకీ లేదనకుండా పెట్టాలని హెన్రీ నియమం పెట్టాడు. సన్యాసులు తినేదానికంటే వచ్చిపోయే అతిథులు తినేది ఎక్కువని అప్పటి చరిత్రకారుడు విలియం ఆఫ్ మామ్స్‌బరీ రాశాడు. మన సత్రాలు గుర్తొస్తాయి కదూ! అతిథుల కోసం కట్టిన హాస్పిటియం అనే వసతి గృహం కొంత ఇప్పటికీ ఊళ్ళో నిలిచి ఉంది.

ఛాప్టర్ హౌస్ గోడకి స్వరలిపి చెక్కిన ఒక రాతిపలక కనిపిస్తుంది. పదమూడో శతాబ్దంలో రాసిన ఒక పాట అది. వేసవి వచ్చింది, కోకిలా కూయి అన్నది దాని సారం. ఒకరి తర్వాత ఒకరు అందుకుంటూ ఆరు గొంతులు కలిసి పాడే పాట. ఈ మఠంతో ముడిపడిన ఆ వ్రాతప్రతి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. కోకిల పాటలు మనకే సొంతమనుకుంటాం, ఈ సన్యాసులకీ ఆ సరదా ఉండేదన్నమాట.

పిల్లలు కళ్ళింతలు చేసుకుని విన్న సంగతి ఇంకోటుంది. ఏసుక్రీస్తు శిష్యుడైన సెయింట్ జేమ్స్ చెయ్యి అని నమ్మే ఒక అవశేషాన్ని మటిల్డాయే జర్మనీ నుంచి తెచ్చింది. దాన్ని దర్శించుకోవడానికి దూరదూరాల నుంచి యాత్రికులు వచ్చేవారు. 1786లో ఈ శిథిలాల్లో తవ్వుతున్న కూలీలకి ఎండిపోయిన మనిషి చెయ్యి ఒకటి దొరికింది. అదే ఇదని కొందరి నమ్మకం. ఇప్పుడది మార్లో ఊళ్ళోని సెయింట్ పీటర్స్ కేథలిక్ చర్చిలో ఉంది.

రాళ్ళెటు పోయాయి?

నాలుగు వందల ఏళ్ళు వెలిగిన మఠాన్ని మూయించింది ఎనిమిదో హెన్రీ. పోపుతో తెగతెంపులు చేసుకుని దేశంలోని మఠాలన్నిటినీ రద్దు చేసినప్పుడు, ఇక్కడి మఠాధిపతి హ్యూ ఫారింగ్‌డన్ మఠాన్ని అప్పగించలేదు. ఆయన్ని రీడింగుకి పంపి విచారించి చంపాలని రాజుగారి మంత్రి థామస్ క్రామ్‌వెల్ విచారణ జరగకముందే తన చిట్టాలో రాసుకున్నాడు. అలాగే జరిగింది. 1539 నవంబరు 14న ఆయన్ని సొంత మఠం ముందే ఉరితీసి ముక్కలు చేశారు. ఆయన పేరిట రీడింగులో ఒక కేథలిక్ సెకండరీ స్కూలుంది.

ఆ తర్వాత కప్పు మీది సీసం పోయింది. గోడలకి తొడిగిన నున్నటి చెక్కుడు రాళ్ళు ఒక్కొక్కటే ఊడబెరుక్కుపోయారు. కొన్ని విండ్సర్ కోటలో కట్టడాలకి వెళ్ళాయి, కొన్ని ఈ ఊరి సెయింట్ మేరీస్ చర్చికి. మనకిప్పుడు కనిపించేవి గోడల లోపల నింపిన చెకుముకిరాళ్ళూ సున్నమూ మాత్రమే. బాబు చేత్తో తడిమి “గోడకి స్కిన్ లేదు” అన్నాడు. అంతకంటే బాగా ఎవరు చెప్పగలరు!

మఠం ముఖద్వారం మాత్రం, తర్వాత చేసిన మరమ్మతులతో, దిట్టంగా నిలబడి ఉంది. 1785, 86ల్లో ఇక్కడ నడిచిన ఆడపిల్లల బోర్డింగ్ స్కూల్లోనే రచయిత్రి జేన్ ఆస్టిన్, వాళ్ళక్క కసాండ్రా చదువుకున్నారు. తూర్పున కనిపించే ఎర్ర ఇటుకల కట్టడం రీడింగ్ జైలు. 1844లో మఠం నేల మీదే కట్టారు. ఆస్కార్ వైల్డ్ శిక్ష అనుభవించింది అక్కడే. 2013లో దాన్ని మూసేశారు.

“మరి రాజుగారెక్కడ?” అని అందరం అడిగేదే. సమాధి గుర్తు చెరిగిపోయింది. 2012లో లెస్టర్‌లో కారు పార్కింగ్ కింద మూడో రిచర్డ్ రాజు ఎముకలు బయటపడ్డాక ఇక్కడా ఆశలు లేచాయి. 2016లో భూమిలోకి రాడార్ తరంగాలు పంపి సర్వే చేశారు. జైలు పరిసరాల్లోనే ఎక్కడో కింద ఉండవచ్చని అంచనా. ముప్పయ్యైదేళ్ళు ఏలినవాడి మీద ఇప్పుడు కార్లు నిలుపుతున్నారేమో! గోడలు ప్రమాదకరంగా ఉన్నాయని 2009లో మూసేసిన ఈ శిథిలాల్ని మరమ్మతులు చేసి 2018 జూన్‌లో మళ్ళీ తెరిచారు.

పులిహోర, ఒక వీలునామా

మధ్యాహ్నం ఫోర్బరీ గార్డెన్స్‌లో చెట్టుకింద దుప్పటి పరిచి పులిహోర, పెరుగన్నం తిన్నాం. అమ్మ చేతి గాజులు తిప్పి చూసుకుంటూ, “ఇవి నా తర్వాత నీకేనే” అంది మనవరాలితో. అది వెంటనే బ్యాగులోంచి నోటుబుక్కు తీసింది. “ఊరికే చెప్తే కాదమ్మమ్మా, రాయాలి. మటిల్డాకి ఏమైందో చూశావుగా!” అంది. అమ్మ పకపకా నవ్వింది. తర్వాత నవ్వాపి, కళ్ళజోడు పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో నాలుగు లైన్లు తెలుగులో రాసి, కింద తేదీ వేసి సంతకం చేసింది. సాక్షి సంతకం మావాడిది. వాడికి తెలుగులో రాయడం వచ్చింది వాడి పేరొక్కటే, అదీ రెండో అక్షరానికి దీర్ఘం లేకుండా. నా పేరు మీద అమ్మ ఏమీ రాయలేదు, నేనూ అడగలేదు. ఆ కాగితం ఇప్పుడు మా ఇంట్లో పాస్‌పోర్టులుండే ఫైల్లో ఉంది.

ఇక మీరు వెళ్ళాలనుకుంటే: లండన్ ప్యాడింగ్టన్ నుంచి ఫాస్ట్ రైలైతే అరగంటలోపే. 2022 నుంచి ఎలిజబెత్ లైన్ రైళ్ళు కూడా రీడింగ్ దాకా వస్తున్నాయి, కాస్త ఎక్కువసేపు పడుతుంది. స్టేషన్ నుంచి నడక పది నిమిషాలు. శిథిలాలు చూడ్డానికి టికెట్ లేదు. పిల్లలకి బూట్లు, మనకి గొడుగు మర్చిపోవద్దు, కప్పు లేదని చెప్పానుగా! టౌన్ హాల్లోని రీడింగ్ మ్యూజియం తెరిచి ఉండే రోజు చూసుకుని వెళ్ళండి. ఈ మఠం నుంచి దొరికిన చెక్కడాలున్న స్తంభాల తలలు అక్కడున్నాయి. హెన్రీ తండ్రి విలియం ఇంగ్లండుని జయించిన కథ కుట్టిన బేయో వస్త్రానికి, విక్టోరియా రాణి కాలపు స్త్రీలు దారంతో కుట్టిన పూర్తి నకలు కూడా అక్కడే చూడొచ్చు. డెబ్బయి మీటర్ల పొడవు! పిల్లల కంటే ముందు మన అమ్మలూ అత్తలూ దాని దగ్గర ఆగిపోతారు, కుట్టు చూస్తూ. వాళ్ళని తొందరపెట్టకండి.